బండకు బొట్టు

మా ఇంటికి నాలుగు గోడలు లేవు. మూడే ఉండేవి. నాలుగోది బండ.

తూర్పు గోడ, పడమటి గోడ, దక్షిణపు గోడ నాయిన కట్టించినవి. ఉత్తరాన మాత్రం ఎవరూ కట్టనిది, ఎవరూ ఎత్తనిది, ఏ మేస్త్రీ తాపీ తగలనిది, ఒక గుండు. మోకాళ్లు ముడుచుకుని పడుకున్న ఏనుగు మా ఇంట్లోకి వీపు పెట్టినట్టు ఉండేది. నడిమి అర్రలోకి సగం దూరం వచ్చి ఆగిన ఆ వీపుమీదే మా దేవుడి పటాలు, మా పుస్తకాలు, అమ్మ పోపుల డబ్బా. రాత్రి దీపం వెలిగిస్తే దాని ఒంటిమీద కాకిబంగారం పలుకులు మినుక్కుమనేవి. ఊరందరికీ చుక్కలు నెత్తిమీద ఉండేవి. మాకు పక్కలో కూడా ఉండేవి.

హైదరాబాద్‌కు పడమటి అంచున, అప్పటికింకా ఊరే అనిపించుకుంటున్న చోట, గుట్ట దిగువన ఆ ఇల్లు. నాయిన కొన్న కాస్త జాగాలో మూడోవంతు గుండే ఆక్రమించుకుని ఉంది. కాగితాలన్నీ నాయిన పేరిట ఉండేవి. స్వాధీనం మాత్రం దానిదే.

పునాది తీయడానికి వచ్చిన వడ్డెర మేస్త్రీని నాయిన అడిగాడట, దీన్ని తీసేస్తే ఎంతవుతుందని. అవ్వ ఆ ముచ్చటను మాకు వందసార్లు చెప్పింది. మేస్త్రీ బీడీ ఆర్పి గుండు చుట్టూ ఒక చుట్టు తిరిగాడట. సమ్మెటతో రెండు చోట్ల మెల్లగా తట్టి చెవి పెట్టి విన్నాడట. విని, "తీసుడు పెద్ద పని గాదు సారూ. వారం దినాలల్ల ముక్కలు జేస్త. గని ఇది ఇయ్యాల్టిది గాదు. గోడనే జర ఇటు జరుపుకోండ్రి. దాని నీడ కూడ మీకే ఒస్తది" అన్నాడట.

రాతిని పగలగొట్టి బతికే మనిషి రాతి పక్షాన మాట్లాడాడు.

నాయిన సౌందర్యం తెలిసినవాడు కాబట్టి ఒప్పుకున్నాడని గొప్పలు చెప్పను. వారం రోజుల కూలి ఆయన దగ్గర లేదు. అంతే. మా ఇంటి మర్యాద లేమి కడుపున పుట్టింది. ఎక్కడ పుడితేనేం, పుట్టాక అది మర్యాదే.

ఆ మేస్త్రీ గోడను బండదాకా తెచ్చి ఆపిన తీరు ఇప్పటికీ నా వేళ్లకు గుర్తుంది. బండ ఎక్కడ వంపు తిరిగితే అక్కడ ఒక్కో రాయిని ఆ వంపుకు సరిపడా చెక్కాడు. ఒకచోట అరచేయంత రాయి, ఒకచోట పిడికిలంత రాయి, వేలు పట్టే సందులో చిన్న పలుకు, వాటి మధ్య సున్నం. బండమీద ఒక్క ఉలి దెబ్బ లేదు. ఒదిగిందంతా గోడే. ఇంటి పెద్ద పక్కన చాపమీద చోటు చూసుకుని సర్దుకు కూర్చున్న పిల్లాడిలా ఆ గోడ బండ పక్కన కూర్చుంది. ఆ కీలు పొడవునా చిన్నప్పుడు నేను వేలు పెట్టి నడిపించుకుంటూ పోయేవాణ్ని. మనిషి పని ఎక్కడ ముగిసిందో, భూమి పని ఎక్కడ మొదలైందో కళ్లు మూసుకుంటే తెలిసేది కాదు.

వాన పడితే బండ వీపుమీది నీరంతా ఇంట్లోకి జారాలి. జారలేదు. పెంకుల కప్పు బండను తాకే చోట మేస్త్రీ గచ్చుతో వేలెడు లోతు కాలువ కట్టాడు. నీరు ఆ కాలువ పట్టుకుని పెరటి వైపు తిరిగి గోలెంలో పడేది. తొలకరి రాత్రుల్లో ఆ గోలెం మోత మాకు జోల. ఆకాశం బండతో మాట్లాడేది, బండ కాలువతో చెప్పేది, కాలువ గోలెంకు చేరవేసేది. పొద్దున్నే అమ్మ ఆ మాటలను చెంబుతో ముంచి మా ముఖాలు కడిగేది.

ఎండాకాలం పగటిపూట బండ అడుగున, నీడ వదలని చోట చేయి పెడితే కొత్త కుండను తాకినట్టుండేది. పొద్దుగూకాక అదే బండ నడినెత్తి, రోజంతా తాగిన ఎండను మెల్లమెల్లగా వదిలేది. అప్పుడు మంచాలు వాకిట్లోకి నడిచేవి. చలికాలం ఆ వెచ్చదనమే మాకు కంబళి. పిల్లలం దానికి వీపులు ఆనించి ఎక్కాలు వల్లెవేసేవాళ్లం. దాని నెత్తిన చిన్న దోన. వానలకు నిండితే పిచ్చుకలకు అదే కోనేరు. వెనక వైపు నేలలోంచి పరుచుకున్న పరుపుబండ మా కల్లం. అవ్వ మిరపకాయలు ఆరబోస్తే ఎర్రగా, వడియాలు పెడితే తెల్లగా, కాలానికో చీర కట్టేది అది. ఆ పరుపుబండలోనే ఎవరో ఎప్పుడో తొలిచిన రోలు. మా తాతలకంటే ముందటి రోకలి పోట్లకు నున్నబడి, అద్దంలా మెరిసేది.

వానాకాలం మొదట్లో ఒక సాయంత్రం అమ్మ బండ నీడవైపు అరచేయి ఆనించి చూసేది. చేయి తడిగా వస్తే, "బండకు చెమట పట్టింది. వానొస్తది. పిడకలు లోపల పెట్టుండ్రి" అని కేకేసేది. గాలిలో తేమ పెరిగినప్పుడు చల్లటి రాతిమీద సన్నగా నీరు పేరుకుంటుందని తర్వాత బడిలో చదువుకున్నాను. సైన్సు మేస్టారు ఆ పాఠం చెప్తున్నప్పుడు నాకు అమ్మ అరచేయే కనబడింది.

పండుగ పండుగకూ గడపకు పసుపు రాసిన చేత్తోనే అమ్మ బండకూ రాసేది. పక్కనే కుంకుమ బొట్టు. ఇది ఏ దేవుడమ్మా అని నేనొకసారి అడిగాను.

"దేవుడో కాదో నాకేమెరుక. ఇంట్ల పెద్దమనిషి" అంది.

*

ఓ పెద్దమనిషీ, నీకెన్నేళ్లని మేమెవరం నిన్ను అడగలేదు. అడిగి ఉంటే నీ వీపుమీద పోపుల డబ్బా పెట్టడానికి జంకేవాళ్లమేమో.

ఈ దక్కను రాతి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లని భూమి లోతులు చదివినవాళ్లు లెక్కగట్టారు. హిమాలయాలు లేవడం మొదలై 5 కోట్ల ఏళ్లు. నీ ముందు అవి ఉయ్యాల దిగని పసికందులు. మనిషి అనే మేము వచ్చి 3 లక్షల ఏళ్లు. నీ లెక్కలో మేము ఇంకా గడప దాటని అతిథులం. కూర్చోమని అనకముందే నట్టింట్లోకి వచ్చి, ఇంటాయన్ను లెమ్మన్న అతిథులం.

సృష్టి అంతా అయిపోయాక దేవుడి దగ్గర కొన్ని రాళ్లు మిగిలాయని, వాటిని ఇక్కడ గుమ్మరించి చేతులు దులుపుకున్నాడని ఒక ముచ్చట చెప్పుకుంటారు. ముచ్చట బాగుంది గానీ నీ కథ దానికి తలకిందులు. నిన్ను ఎవరూ పైనుంచి పోయలేదు. నువ్వు కిందనే పుట్టావు. పాతాళంలో కరిగి, గడియారాలకు అందనంత నెమ్మదిగా చల్లారి, ఆ నిదానంలోనే గులాబీరంగు ఫెల్డ్‌స్పార్‌నూ, గాజుతునకలాంటి క్వార్ట్జ్‌నూ, నల్లటి కాకిబంగారాన్నీ పలుకు పలుకుగా అల్లుకున్నావు. నీ మీదున్న నేల కోట్ల ఏళ్ల వానలకు కొట్టుకుపోతూ ఉంటే, బరువు దిగిన కొద్దీ నీ ఒళ్లు సడలి పగుళ్లు విచ్చింది. ఆ పగుళ్లలోకి నీరు దిగింది. మూలలు ముందు కరిగాయి. ఉల్లిపొరల్లా పొర తర్వాత పొర ఊడి నువ్వు గుండ్రబడ్డావు. ఊడిందంతా మొరమై నీ పాదాల దగ్గరే పడింది. మా బంతిమొక్కలు వేళ్లూనింది ఆ మొరంలోనే.

కాబట్టి ఒక గుండుమీద ఇంకో గుండు, దానిమీద మరో గుండు, పడిపోతుందా పడిపోతుందా అనిపిస్తూ పడకుండా నిలబడ్డ ఆ వరుసలు ఎవరో పేర్చినవి కావు. చుట్టూ ఉన్నదంతా వెళ్లిపోగా మిగిలినవి. శిల్పి చేయి చేసే పనే అది. అక్కర్లేనిదాన్ని తీసేయడం. ఇక్కడ శిల్పి పేరు వాన. ఆమెకు తొందర లేదు. కూలి అడగలేదు. కింద సంతకం చేయలేదు.

*

నీ జాతి రాతితో మనుషులు ఇదివరకు ఎలా కాపురం చేశారో తెలుసుకోవాలంటే గోల్కొండ ఎక్కాలి.

అందరూ ఫతే దర్వాజా దగ్గర ఆగి చప్పట్లు కొడతారు. పైన బాలాహిస్సార్‌లో వినబడిందా అని మురిసిపోతారు. నేను ఆ మెట్లు ఎక్కుతూ వేరే చప్పుడు వింటాను. గోడ బండను అడిగిన చప్పుడు. సుమారు 120 మీటర్ల ఎత్తున్న ఆ గుట్ట పొడవునా కోటగోడ ఎక్కడా తిన్నగా పోదు. గుండు ఎదురైతే దాని భుజానికి చేయి వేసి ఎక్కుతుంది. రెండు గుండ్ల మధ్య సందు కనబడితే ఆ సందునే పూడ్చి ఊరుకుంటుంది. కొన్నిచోట్ల గోడ ఉండదు. బండే ఉంటుంది. పది మంది మేస్త్రీలు నెలంతా కట్టినా అంత గట్టిగా కట్టలేమని తెలిసి, అక్కడ బండకే కాపలా అప్పజెప్పి ముందుకెళ్లారు. కాకతీయుల నాటి మట్టికోటను కుతుబ్‌షాహీలు రాతికోటగా మార్చినప్పుడు వాళ్లకు కూలీలు కరువా, ధనం కరువా, మందుగుండు కరువా? నిన్ను పిండి చేయగలిగినవాళ్లే. చేయలేదు. అది ప్రేమ అని నేననను. యుక్తి. శత్రువు ఫిరంగికి ఎదురు నిలబడేది తాము పేర్చిన రాయి కంటే నేల పేర్చిన రాయేనని గ్రహించిన యుక్తి.

పైన, పెద్ద పెద్ద గుండ్లు ఒకదానికొకటి ఒరిగిన చోట, వాటి ఒడిలో జగదాంబ గుడి ఉంది. గుడికి గోడలు కట్టినవాళ్లకంటే చోటిచ్చిన గుండ్లే ముందు మొక్కు అందుకుంటాయి. ఆషాఢంలో జంటనగరాల బోనాలన్నింటికంటే ముందు బోనం లేచేది అక్కడే. నెత్తిన బోనమెత్తుకుని, వేపమండలు పట్టుకుని ఆడపడుచులు ఆ మెట్లు ఎక్కుతుంటే వాళ్ల పాదాల పసుపు రాతికి అంటుతుంది. నాలుగు వందల ఏళ్లు దాటిన ఆ గోడ ఇప్పటికీ గుట్ట నుంచి విడదీసి చూపించలేనట్టే ఉంది. రాజులు పోయారు. వంశం పోయింది. వజ్రాలు సముద్రాలు దాటి పోయాయి. రాతికీ గోడకీ కుదిరిన ఆ పొత్తు మాత్రం చెడలేదు.

మా నాయినది లేమి. గోల్కొండది యుక్తి. మరి ప్రేమ?

ప్రేమ కూడా ఉండేది ఈ నగరంలో. నగరం మూసీ ఒడ్డున కిక్కిరిసి ఉన్న కాలంలో, బంజారాలు తిరిగే గుట్టల మధ్యకు మెహదీ నవాజ్ జంగ్ అనే ఉన్నతోద్యోగి కాపురం మార్చాడు. 1960లో గుజరాత్ రాష్ట్రానికి మొదటి గవర్నర్ అయినది ఆయనే. గుట్టను చదును చేయించే తాహతు ఆయనకు లేకపోలేదు. అయినా రాళ్ల మధ్యన, రాళ్లను కలుపుకుంటూ ఇల్లు అల్లుకున్నాడు. 1933లో హైదరాబాద్ వచ్చిన రవీంద్రనాథ్ టాగూర్ అక్కడే ఆయన అతిథిగా ఉన్నాడు. పొద్దునా మాపూ ఆ గుట్టల రంగులు మారడం చూసి 'కోహ్‌సార్' అనే కవిత రాశాడు. వంగదేశపు పచ్చటి ఒండ్రునేలలో పుట్టిన కవి ఈ బోడిగుట్టల దగ్గర కలం తీశాడంటే, బోడితనంలోనూ ఒక సిరి ఉన్నట్టే కదా. తర్వాతి తరంలో చరిత్రకారుడు నరేంద్ర లూథర్ అదే బంజారా హిల్స్‌లో బండను పగలగొట్టకుండా ఇల్లు కట్టుకున్నారు. ఈ రాళ్ల కోసం జీవితాంతం మాట్లాడారు.

అమెరికాలో, పెన్సిల్వేనియా అడవిలో ఒక వాగు మీద ఫ్రాంక్ లాయిడ్ రైట్ 1930లలో కట్టిన ఇల్లు ఒకటుంది. ఫాలింగ్‌వాటర్. ఇంటివాళ్లు అంతకుముందు ఎండ కాచుకోవడానికి కూర్చునే బండనే ఆయన హాల్లో పొయ్యిగద్దెగా ఉంచేశాడు. నేలమీద పరిచిన రాతిపలకలన్నింటికీ మైనం పూసి మెరిపించి, ఆ ఒక్క బండను మాత్రం పూత లేకుండా వదిలాడు, వాగులోంచి అది అప్పుడే తల ఎత్తినట్టు కనబడాలని. 2019లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వంలో చేర్చింది. దాని ఫోటో మొదటిసారి చూసినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. మా నడిమి అర్ర గుర్తొచ్చింది. పోపుల డబ్బా ఎక్కడా అని ఫోటోలో వెతికాను.

*

చదును. ఎంత మంచి మాట ఇది! రైతు నోట్లో ఉన్నంతకాలం దాని అర్థం మడికి నీరు సమంగా పారడం. విత్తుకు విత్తుకు మధ్య న్యాయం. ఆ మాట నగరానికి వచ్చింది. వచ్చి, ఏం నేర్చుకుందో ఏమో, నేల నోరు మూయించడం నేర్చుకుంది.

ఇప్పుడు ఇల్లు కట్టే పని నేలను చూడటంతో మొదలు కాదు. కాగితంమీద చతురస్రంతో మొదలవుతుంది. చతురస్రం ముందే వచ్చేసింది. దాని కింద నేల ఎలా ఉండాలో అదే చెప్తుంది. గుట్ట ఉంటే కోయి. గుంట ఉంటే పూడ్చు. గుండు ఉంటే పేల్చు. వాలు ఉంటే గోడ కట్టి నిలబెట్టు. అన్నీ అయ్యాక, అన్ని ఊళ్లలోనూ ఉండే ఆ ఒక్క బల్లపరుపు నేలమీద, అన్ని ఊళ్లలోనూ ఉండే ఆ ఒక్క గాజుడబ్బా నిలబెట్టు. దాని ముందు రెండు బండముక్కలు, నాలుగు గరిక పలకలు పెట్టి 'ల్యాండ్‌స్కేపింగ్' అని పిలువు. తల నరికి, ఆ తలకే పూలు ముడిచినట్టు.

నీ వాళ్ల పేర్లు చదువుతాను, విను. గుట్టల బేగంపేట. మణికొండ. కొండాపూర్. బంజారా హిల్స్. జూబ్లీహిల్స్. ఒకప్పుడు పేరులో గుట్ట ఉండేది, ఎందుకంటే ఊళ్లో గుట్ట ఉండేది. ఇప్పుడు గుట్ట పేరుకే మిగిలింది. బస్సు బోర్డుమీద, కరెంటు బిల్లుమీద, ఆటోవాడి నోట్లో మాత్రమే మిగిలింది. వేల మంది రోజూ నీ చనిపోయిన బంధువుల పేర్లు చెప్పి దిగుతున్నారు, ఆ పేర్లకు ఒకప్పుడు ఒళ్లు ఉండేదని తెలియక.

కొందరు ఏడ్చారు. 1996లో ఈ రాళ్లను కాపాడాలని ఒక సంఘమే పెట్టుకున్నారు. ఆదివారాలు పిల్లల్ని వెంటబెట్టుకుని గుట్టలెక్కి, ఇది పుట్టగొడుగు రాయి, అది ఎలుగుబంటి ముక్కు అని పరిచయం చేశారు. నగర వారసత్వ జాబితాలో తొమ్మిది శిలాసమూహాలకు చోటు దొరికింది. ఎలుగుబంటి ముక్కు శిల్పారామంలో ఉంది. పుట్టగొడుగు రాయి సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో ఉంది. లెక్కలేనన్ని గుండ్లున్న సీమలో తొమ్మిదింటికి పేర్లు దక్కాయి. మిగతావి పేరు లేనివి. పేరు లేనివాళ్ల చావుకు మైలెవరు పాటిస్తారు?

వాళ్ల చావు ఎలా ఉంటుందో చెప్పాలి. మా మేస్త్రీ చేతిలో రాయి చీలడం వేరు. ఆయన రాతి నరం వెతికేవాడు. దాని వెంట వరుసగా చిన్న చిన్న గుంటలు తొలిచి, వాటిలో ఇనుప మేకులు దిగగొట్టి, ఒకదాని తర్వాత ఒకదాన్ని సమ్మెటతో ఒక్కో దెబ్బ. కొడుతూ వినేవాడు. ఖంగుమనే మోత ఎప్పుడు బొంగురుపోతుందో అప్పుడు ఆగేవాడు. సమ్మెట కింద పెట్టి చెమట తుడుచుకునేలోపు రాయి తనంతట తానే టక్కుమని విచ్చుకునేది, పండిన పత్తికాయలా. అలా చీల్చిన రాళ్లతోనే ఊళ్లలో ఇళ్లు లేచాయి. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ఒంటిమీది గులాబీరంగు కూడా ఈ సీమ రాతిదే. 1939లో తలుపులు తెరిచిన ఆ భవనం సాయంత్రపు ఎండలో మెరిస్తే, నేలే లేచి నిలబడి చదువుకుంటున్నట్టు ఉంటుంది. రాయిని వాడుకోవడం పాపమని నేనెన్నడూ అనను. రాయి ఇంకా రాయిలాగే ఉండే పని అది.

ఇప్పటిది వేరు. కంప్రెసర్ మోతలో డ్రిల్లు దిగుతుంది. రంధ్రాల్లో మందు కూరుతారు. ముక్కలు ఎగరకుండా పైన పాత టైర్లు, ఇసుక బస్తాలు కప్పుతారు. ఎర్రగుడ్డ ఊపి ఈల వేస్తారు. చప్పుడు చెవికంటే ముందు అరికాలికి తెలుస్తుంది. ఆ తర్వాత ప్రొక్లెయినర్ ముక్కు కొనకు తగిలించిన బ్రేకర్, వడ్రంగిపిట్టకు పిచ్చెక్కినట్టు పొద్దస్తమానం పొడుస్తుంది. ముక్కలు టిప్పర్లెక్కి క్రషర్‌కు పోతాయి. అక్కడ నీ 250 కోట్ల ఏళ్లను జల్లెడ పడతారు. నలభై ఎంఎం, ఇరవై ఎంఎం, డస్ట్. చివరికి నువ్వు సిమెంటులో కలిసి అదే సైటుకు, నీ సమాధిమీది పిల్లర్లుగా తిరిగి వస్తావు.

నువ్వు పోయాక నీరు దారి తప్పింది. గుట్టమీద పడ్డ వాన గుండు గుండునూ తడుముకుంటూ, మొరంలో ఇంకుతూ, ఇంకనిది వాగై కుంటలో, కుంట నిండితే చెరువులో చేరేది. ప్రతి గుండూ ఒక చిన్న తూము, ప్రతి పగులూ ఒక చిన్న కాలువ. ఇప్పుడు వాన పలకమీద పడుతుంది. పలకకు జాలి లేదు, పగులు లేదు. 2020 అక్టోబర్‌లో కుండపోత కురిసిన రాత్రి ఈ నగరంలో కాలనీలకు కాలనీలు మునిగాయి. టీవీలు నీటిని తిట్టాయి. నీటి తప్పేముంది? అది పాత అడ్రసుకే వచ్చింది.

*

ఇంతసేపూ లోకాన్ని నిందించాను. ఇక నా వంతు.

నాయిన పోయారు. ఊరు నగరమైంది. మా జాగా చుట్టూ అంతస్తులు లేచాయి. మా పెంకుటిల్లు పెద్దపెద్ద పుస్తకాల మధ్య ఇరుక్కున్న పాత పోస్టుకార్డులా మిగిలింది. అన్నదమ్ములం కూర్చున్నాం. పక్క జాగాలతో కలిపి డెవలప్‌మెంట్‌కు ఇచ్చేద్దామనుకున్నాం. తలా ఒక ఫ్లాటు వస్తుంది, అమ్మకు లిఫ్టు ఉంటుంది. ఎవరి మాటలోనూ తప్పు లేదు. ప్లాను తెచ్చిన కుర్రాడు మర్యాదస్తుడు. కాగితం పరిచాడు. అందులో మా వేపచెట్టుకు చిన్న సున్నా ఉంది. బావికి సున్నా ఉంది. గుండు ఉండాల్సిన చోట ఖాళీ. ఇక్కడ ఒక బండ ఉంది కదా అన్నాను. "అది ఇష్యూ కాదు సార్, లెవెలింగ్‌లో పోతుంది" అన్నాడు.

దాన్ని ఉంచి కట్టలేమా అని నేను అడగొచ్చు. సెల్లార్ కొంచెం తగ్గుతుంది, ఒక ఫ్లాటు పోతుంది. గోల్కొండ గురించి చెప్పొచ్చు. బంజారా గుట్టల్లోని ఆ ఇంటి గురించి చెప్పొచ్చు. ఇవన్నీ నాకు అప్పటికే తెలుసు. వాటిమీద వ్యాసాలు కూడా రాశాను. పెన్ను తీసి సంతకం చేశాను.

నాయినకు పగలగొట్టించే స్తోమత లేక బండ బతికింది. నాకు స్తోమత వచ్చింది కాబట్టి చచ్చింది.

పేల్చిన రోజు నేను పోలేదు. ఆఫీసులో పనుందని చెప్పాను. మా తమ్ముడు చెప్పాడు, రెండు దఫాలకు చీలిందని. లోపలంతా లేత గులాబీరంగు అని. బయట ఎండకూ వానకూ మాసి బూడిదరంగుకు తిరిగిన ఆ ఒంటి లోపల, మేము వీపులు ఆనించుకున్నన్ని ఏళ్లూ, ఎవరూ చూడని ఆ రంగు అలాగే ఉందట. పుట్టిన రోజున ఎలా ఉందో అలా. దాని మనసు రంగు మొదటిసారి చూసింది దాన్ని చంపినవాళ్లు.

గోడా బండా కలిసిన ఆ కీలు ఏమైందని నేను అడగలేదు.

*

ఇప్పుడు మేముండేది నాలుగో అంతస్తు. నాలుగు గోడలూ ఉన్నాయి. నాలుగూ తిన్నగా ఉన్నాయి. వంటింటి గట్టుమీద నల్లటి గ్రానైట్ పలక, చీమకుర్తి నుంచి వచ్చింది. అద్దంలా మెరుస్తుంది. ఎక్కడో ఇంకెవరి ఇంటి పెద్దమనిషో.

మొన్న ఉగాదికి అమ్మ గడపకు పసుపు రాసింది. పసుపు గిన్నెలో ఇంకా మిగిలింది. గిన్నె పట్టుకుని కాసేపు అటూ ఇటూ చూసింది. గోడలన్నీ చూసింది. తర్వాత, "కిందికి తోల్కపో" అంది.

సెల్లార్ రెండంతస్తుల లోతు. ఉత్తరం వైపు చివర, మా కారు పెట్టే చోట, గోడ కట్టలేదు. రాయి గట్టిగా ఉందని, అక్కర్లేదని వదిలేశారు. గుండు పోయింది గానీ దాని వేరు పోలేదు. నేల అడుగున అది మా ఇల్లంత, మా వీధంత పరుచుకుని ఉంది. కోసిన ఆ ముఖంమీద డ్రిల్లు దిగిన గాట్లు నిలువుగా, వరుసగా, సగం చీల్చిన గొట్టాల్లా కనబడుతున్నాయి. ట్యూబ్‌లైటు వెలుగులో ఆ గులాబీరంగును నేను మొదటిసారి చూశాను.

అమ్మ కారుకూ పిల్లర్‌కూ మధ్య సందులో పక్కకు తిరిగి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, మెల్లగా అక్కడికి పోయింది. ముందు అరచేయి ఆనించింది. మా చిన్నప్పుడు ఆనించినట్టే. చాలాసేపు తీయలేదు. తీసి నాకు చూపించింది. తడి.

"బండకు చెమట పట్టింది" అంది.

బయట మార్చి ఎండ. వాన ఛాయలు ఎక్కడా లేవు. అది ఊట నీరని, కోసిన పగుళ్లలోంచి జాలు ఆగకుండా వస్తోందని, దాన్ని తోడటానికే మూలన గుంత తీసి మోటారు పెట్టారని నాకు తెలుసు. దాని కరెంటు బిల్లు నెలనెలా మెయింటెనెన్స్‌లో మేమే కడుతున్నాం. అమ్మకు ఆ సంగతి చెప్పబోయి ఆగిపోయాను.

అమ్మ పసుపు రాసింది. గాట్లమీదుగా, గాట్ల లోపలికి వేళ్లు పోనిచ్చి రాసింది. బొట్టు పెట్టింది. కుంకుమ ఒక్క క్షణం నిలిచి, తడికి కరిగి, సన్నటి ఎర్రటి గీతై జారడం మొదలుపెట్టింది. మళ్లీ పెట్టింది. మళ్లీ జారింది. మూడోసారి ఇంకా వేలు రాతిమీద ఉండగానే మూలన మోటారు దానంతట అదే ఆన్ అయింది.

గిన్నె నా చేతికిచ్చి, "నువ్వు పెట్టు" అంది అమ్మ.